దుంగ మీద ఫోటో

న్యూపోర్ట్, ఆరెగాన్

అమ్మా,

అందరం బాగున్నాం. ముందు ఆ మాట నమ్మి, తర్వాత మిగతాది చదువు.

నిన్న సముద్రపు ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగ మీద నెల్‌ను కూర్చోబెట్టి నీ అల్లుడు ఫోటో తీయబోయాడు. కుక్కతో వెళ్తున్న ముసలావిడ ఒకామె, "పిల్లను దింపవయ్యా! అల వస్తే అది దొర్లుతుంది" అని అరిచింది.

"పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ సామిల్లులోనే ఉన్నాను. దుంగల సంగతి నాకు చెప్తున్నావా మామ్మా?" అని వెర్న్ నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే మోకాళ్ల లోతు నీళ్లొచ్చి అంత దుంగా బెండులా తేలింది. నెల్ అటువైపు జారిపడింది. గౌను దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాను. అల వెనక్కి పోగానే, పిల్ల పడ్డ చోటే దుంగ కూలబడింది. దాని చెప్పొకటి ఇంకా ఆ దుంగ కిందే ఉంది.

మా టొమాటో మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? పిల్లికి పాలు పొయ్యకు, పడవు.

ఇంకో మాట. మీ హాల్లో, నేనూ తమ్ముడూ దుంగ మీద కూర్చుని నవ్వుతున్న ఫోటో ఉంది కదా. మా వెనకాల అల ఎంత దగ్గరికొచ్చిందో ఒకసారి చూడు. చూశాక ఆ ఫోటో తీసెయ్. అప్పుడు ఫోటో తీసిన నాన్నను మాత్రం ఏమీ అనకు.

నెల్ ముద్దులతో,
నీ ఆర్లీన్