సరి నెల

ఆగస్టు 6
కింద కూర్చుని కూరగాయలు తరిగాను. లేవబోతే నడుం పట్టేసింది. తొడ వెనకాల మోకాలి దాకా ఒకటే లాగుడు. వంటింటి గట్టు పట్టుకుని ఏడ్చాను. మేం నెలలు నిండాక కూడా నాట్లేశాం, ఇప్పటివాళ్ళకి స్కానింగులు ఎక్కువ, పని తక్కువ అన్నారు అత్తయ్యగారు. ఆవిడ నాట్లేయడం చూసినవాళ్ళెవరూ లేరు. మామయ్యగారికే నవ్వొచ్చింది.

ఆగస్టు 8
బెంజ్ సర్కిల్ దగ్గర డాక్టరమ్మకి చూపించాం. బిడ్డ పెరిగేకొద్దీ నడుం నొప్పి మామూలే, ఎడమ వైపు పడుకో, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో, వంగొద్దు, ఎక్కువసేపు నిలబడొద్దు అంది. మా ఆయన సిద్ధార్థ అన్నిటికీ తలూపాడు. దారిలో ప్రెగ్నెన్సీ పిల్లో కూడా కొన్నాడు. రాత్రి దాన్ని కౌగిలించుకుని తనే పడుకున్నాడు.

ఆగస్టు 9
అమ్మ ఫోన్. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, ఏడో నెల నడుస్తోంది, గురువారం వచ్చి మైలవరం తీసుకెళ్తానంది. ప్రాణం లేచొచ్చింది. అక్కడైతే పొద్దస్తమానం పడుకున్నా అడిగేవాళ్ళుండరు.
అత్తయ్యగారు వద్దన్నారు. పదిహేడున నా ఆడపడుచు సుస్మిత కూతురికి ఓణీల ఫంక్షన్. ఇంటి కోడలు లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు, అయ్యాక వెళ్దువుగాని అన్నారు.

ఆగస్టు 17
గుమ్మం దగ్గర పన్నీరు చల్లే డ్యూటీ నాది. కుర్చీ అడిగాను. వచ్చినవాళ్ళని కూర్చుని పలకరిస్తే మర్యాద కాదట.

ఆగస్టు 18
మంచం దిగలేకపోయాను.

ఆగస్టు 21
సూట్‌కేసు సర్దాను. అత్తయ్యగారు క్యాలెండర్ తీశారు. నిన్నటితో ఎనిమిదో నెల వచ్చేసిందట. సరి నెలలో పుట్టింటికి పంపకూడదు, ఇక తొమ్మిదిలోనే అన్నారు. ఈ లెక్క ఆవిడకి ఫంక్షన్ ముందే తెలుసు. నాకే తట్టలేదు, మొద్దుని. సిద్ధార్థ అయితే నెల రోజులేగా, అడ్జస్ట్ అవ్వు అన్నాడు. పిల్లో ఉన్నవాడు ఎన్నయినా చెబుతాడు.

ఆగస్టు 26, మంగళవారం
రేపు వినాయక చవితి. పాలవెల్లి అటక మీంచి దించి, కడిగి పసుపు రాయమన్నారు. స్టూలెక్కాను. నడుం కలుక్కుమంది, కాలు జారింది. పాలవెల్లి కింద పడింది. అటక అంచు చేతికందింది కాబట్టి నేను పడలేదు. మెల్లగా దిగి, కడుపు పట్టుకుని కూర్చుండిపోయాను. లోపల బిడ్డ కదిలేదాకా నాకు ఊపిరాడలేదు.
పాలవెల్లి విరిగిందా అని వంటింట్లోంచి అడిగారు అత్తయ్యగారు.
అంతే అడిగారు.
సూట్‌కేసు సర్దే ఉంది. ఆటో, బస్టాండు, మైలవరం బస్సు. సరి నెల, పైగా మంగళవారం. ఏం జరిగితే అది జరుగుతుంది, ఆ ఇంట్లో మాత్రం ఉండను.

సాయంత్రం
అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. సరి నెలలో అడుగు పెడితే బిడ్డకి మంచిది కాదు తల్లీ, వెనక్కెళ్ళిపో అంది. ఏడుస్తూనే అంది, చెయ్యి మాత్రం అడ్డం తియ్యలేదు. పక్కింటి శౌరమ్మగారు చర్చిలో ప్రార్థనకి బయల్దేరుతూ ఇదంతా చూశారు. నా సూట్‌కేసు తీసుకుని, మా ఇంట్లో సరీ బేసీ లేవమ్మా, వచ్చి నడుం వాల్చు అన్నారు.

ఆగస్టు 28
అమ్మ గోడ మీంచి క్యారియర్ అందించింది. తొమ్మిదో నెల రాగానే హారతిచ్చి తీసుకెళ్తుందట.
శౌరమ్మగారి మంచం మీద ఎడమ వైపు తిరిగితే అమ్మావాళ్ళ ఇల్లు వీపు వెనక్కి పోతుంది.
డాక్టరమ్మ ఎడమ వైపే పడుకోమంది.