తాతగారిని నిద్రలేపే డ్యూటీ

మార్చి 3, సోమవారం

సీటు మారింది. ఇన్నాళ్లూ లిఫ్ట్ పక్కన, టెస్టింగ్ వాళ్లతో కూర్చున్నాను. ఈరోజు నుంచి గాజు తలుపు ఇవతల, డెవలపర్ల మధ్య.

మేనేజర్ నాన్చకుండా చెప్పేశాడు. మే నెలాఖరు దాకా ట్రయల్. పనికొస్తే డెవలపర్. లేకపోతే మళ్లీ లిఫ్ట్ పక్కకే. నాకు తిరిగి వెళ్లాలని లేదు. టెస్టింగ్ తక్కువ పని అని కాదు. ఒకళ్లు రాసింది చూసి చూసి విసుగొచ్చింది. ఇక నేను రాయాలి.

ఇంట్లో తప్పులు పట్టడం కూడా మానేస్తావా అని మా ఆయన ఆశగా అడిగాడు. ఆ ఆశలేం పెట్టుకోవద్దన్నాను.

మార్చి 4, మంగళవారం

మా టీమ్ లీడ్‌కి అందరూ చాటుగా పెట్టుకున్న పేరు వద్దులే గారు. ఎవరు ఏ కొత్త ఆలోచన చెప్పినా ఓపిగ్గా వింటారు, కళ్లజోడు తుడుచుకుంటారు, వద్దులే అమ్మా అంటారు. మగవాళ్లయితే వద్దులే నాయనా. పక్క సీటతని పేరు ఇయర్‌ఫోన్. అతని చెవులు ఎలా ఉంటాయో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మేం చేసేది ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల సిస్టమ్. అది నడిచేది ఒక పాత సర్వర్ మీద. దాని పేరు తాతగారు. రోజూ ఆసుపత్రులు తెరవకముందే మాలో ఒకరు ఇంటి నుంచి లాగిన్ అయి తాతగారిని రీస్టార్ట్ చేయాలి. చేయకపోతే పొద్దెక్కేసరికి మంచం పడతారు. ఆదివారం లేదు, సెలవు లేదు. దీనికో డ్యూటీ చార్టు.

ఎందుకలా అని అడిగాను. ఇయర్‌ఫోన్ భుజాలు ఎగరేశాడు. తను చేరినప్పటి నుంచీ అంతే అట. మరి ఆటోమేటిక్‌గా పెట్టుకోవచ్చుగా అన్నాను. ఒకసారి పెట్టారట, ఆ రోజే తాతగారు లేవలేదట. అప్పటి నుంచి మనిషే లేపాలని రూలు. కొత్తగా వచ్చినవాళ్లకి డ్యూటీలు ఎక్కువ పడతాయి అక్కా అని మాత్రం చాలా ప్రేమగా చెప్పాడు.

మార్చి 9, ఆదివారం. ఉదయం 5:30

లేపాను.

మార్చి 20, గురువారం

ఈ వారమంతా నా డ్యూటీయే. కళ్లు మండుతున్నాయి. నాకంటే ముందే లేచి టీ పెట్టే అలవాటు అత్తగారిది. నేను లాప్‌టాప్ మూయగానే తాతగారు లేచారా అని అడుగుతారు. లేచారంటే, పళ్లు తోముకున్నారా అని ఇంకో ప్రశ్న. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది, ఆవిడ మీద కాదు, ఆ ముసలాయన మీద.

టెస్టింగ్‌లో ఉన్నప్పుడు ఒక బుద్ధి పట్టుకుంది. ఏదైనా పడిపోతే, ఎందుకు పడిందో తెలిసేదాకా నాకు అన్నం సహించదు. ఇక్కడ రోజూ పడిపోయేదాన్ని రోజూ లేపి నిలబెట్టి, హమ్మయ్య అనుకుని వెళ్లిపోతున్నారు.

వద్దులే గారి దగ్గరికి వెళ్లి, కారణం కనుక్కుంటాను, లైవ్ మెషిన్ చూసే అనుమతి ఇప్పించండి అన్నాను. కళ్లజోడు తీశారు. ఇక చెప్పేదేముంది.

ట్రయల్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేది రీస్టార్ట్ బటన్ ఒక్కటే. లోపల ఏముందో చూసే తాళంచెవి తాళాలాయన దగ్గర ఉంటుంది. సిస్టమ్స్ విభాగం ఆయనది, పాస్‌వర్డ్‌లన్నీ ఆయన చేతిలోనే.

ఏప్రిల్ 7, సోమవారం

కొంప మునిగింది.

ఈ ఉదయం తాతగారిని ఎవరూ లేపలేదు. డ్యూటీ నాది కాదు, ఇయర్‌ఫోన్‌ది. అతనేమో నిన్న చాట్‌లో, అక్కా సోమవారం నువ్వు చెయ్, గురువారం నేను చేస్తా అని పెట్టాడు. నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. నా ఉద్దేశం, చూశాను, ఆలోచించి చెబుతానని. అతను ఒప్పుకున్నాననుకున్నాడు. ఇద్దరం హాయిగా పడుకున్నాం.

ఆఫీసుకి వచ్చేసరికి అన్ని ఫోన్లూ మోగుతున్నాయి. ఆసుపత్రుల్లో తెర కదలడం లేదట. జనం వరసల్లో నిలబడి ఉన్నారట. తాళాలాయన లైవ్ మెషిన్ తెరిచాడు. వెనక అందరూ రీస్టార్ట్, రీస్టార్ట్ అని ఒకటే గోల.

నేను మాత్రం ఆయన కుర్చీ పట్టుకుని, ఒక్క నిమిషం ఆగండి, కనెక్షన్ల జాబితా ఒకసారి చూపించండి అన్నాను. ఎందుకంటే రీస్టార్ట్ చేయగానే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రోజూ పొద్దున్నే రోగాన్నీ ఆనవాళ్లనీ కలిపి కడిగేస్తున్నాం. ఇన్నేళ్లూ ఎవరికీ దొరకనిది అందుకే. ఈ సంగతి నాకు అప్పటికప్పుడే, ఆ గోలలో నిలబడి ఉండగా తట్టింది.

ఆయన చూపించాడు. తెర నిండా వరసలు. అన్నీ ఒకే నెట్‌వర్క్ అడ్రస్‌కి. అన్నీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాయి. దాన్ని ఫైల్‌గా దాచమని బతిమాలాను. దాచి, రీస్టార్ట్ కొట్టాడు. సిస్టమ్ లేచింది.

అప్పటికి వద్దులే గారి మొహం ఎర్రగా ఉంది. అక్కడ పేషెంట్లు నిలబడి ఉంటే నీకు సినిమా కావాల్సివచ్చిందా అన్నారు. అందరి ముందూ అన్నారు. నా ట్రయల్ గురించి మేనేజర్‌తో మాట్లాడతానని కూడా అన్నారు.

ఇయర్‌ఫోన్ తల దించుకుని తన చెవుల్లోవి తీసేశాడు. చెవులు బాగానే ఉన్నాయి.

ఏప్రిల్ 8, మంగళవారం

మేనేజర్ మీటింగ్. చాట్‌లో బొటనవేలు బొమ్మ నిషేధం. ఒప్పుకునేవాళ్లు మాటల్లో ఒప్పుకోవాలట. మీటింగ్ అయ్యాక నన్ను ఆగమన్నాడు. లీడ్ సంతోషంగా లేరు, జాగ్రత్తగా ఉండమన్నాడు. కారణం పట్టుకునే దారిలో ఉన్నానంటే, ముందు ఇచ్చిన పని చెయ్యమన్నాడు.

ఇచ్చిన పని ఒక బటన్ రంగు మార్చడం. మధ్యాహ్నం లోపు మార్చేశాను.

ఏప్రిల్ 9, బుధవారం

ఆ అడ్రస్ ఎవరిదో తేలలేదు. తాళాలాయన లెక్కల్లో లేదు. ఆ అంకెల వరసని బట్టి మన కింది అంతస్తుది అయి ఉండాలి అని మాత్రం అన్నాడు. మొన్నటి పాపంలో తనకీ భాగముందనుకున్నాడేమో, అడక్కుండానే సాయం చేస్తున్నాడు.

లంచ్ మానేసి కింది అంతస్తులో గోడల వెంట తిరిగాను. అక్కడి రిసెప్షనిస్ట్ ఏం పోయింది మేడం అని అడిగింది. ఏమో, దొరికితే చెబుతానన్నాను. మెట్ల పక్క మూలలో, నేలకి దగ్గరగా ఒక నెట్‌వర్క్ సాకెట్. దాని మీద వెలిసిపోయిన స్టిక్కర్. మోకాళ్ల మీద కూర్చుని చదివాను. అదే అడ్రస్.

అక్కడ మెషినేం లేదు. కుండీలో ఒక ప్లాస్టిక్ మొక్క ఉంది.

ఒకప్పుడు అక్కడ పెద్ద ప్రింటరుండేదని విన్నానని రిసెప్షనిస్ట్ చెప్పింది. తను చేరకముందే తీసేశారట. నాకు మొత్తం అర్థమైంది. ఎవరైనా అపాయింట్‌మెంట్ తీసుకోగానే తాతగారు ఆ స్లిప్పుని ప్రింటర్‌కి పంపిస్తారు. ప్రింటర్ లేదు. ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటికి ఫోన్ చేసి, ఎవరూ ఎత్తకపోయినా రిసీవర్ పెట్టకుండా కూర్చున్నట్టు, ఆయన అలా పట్టుకునే ఉంటారు. ఇంకొకరు వస్తే ఇంకో ఫోన్. చివరికి చేతులన్నీ నిండిపోయి కదలరు.

ఇన్నేళ్లుగా మా సిస్టమ్ ఒక ప్లాస్టిక్ మొక్కకి అపాయింట్‌మెంట్ స్లిప్పులు పంపిస్తోంది. దాని కోసం మేం తెల్లవారుజామునే లేస్తున్నాం. అక్కడే మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. రిసెప్షనిస్ట్ మంచినీళ్లు తెచ్చింది.

ఏప్రిల్ 17, గురువారం

చెబితే ఎవరూ నమ్మరు. చూపించాలి. మొన్న టెస్టింగ్ మెషిన్ మీద తాతగారి నకలు ఒకటి పెట్టాను. టెస్టింగ్ వాళ్లు నా పాత స్నేహితులే, అడగ్గానే ఇచ్చారు. పగలంతా దొంగ పేషెంట్లని పంపించాను. అందరూ మా చుట్టాలే. మోకాళ్ల నొప్పితో అత్తగారు. గురకతో మా ఆయన. ప్రతి పెళ్లిలో నా జీతం అడిగే మేనమామకి నోటి పుండు పెట్టాను.

నకలు తాతగారు సాయంత్రానికి మూలిగారు. రీస్టార్ట్ చేయకుండా వదిలేస్తే మర్నాడు పొద్దున సరిగ్గా అసలాయన లాగే మంచం పట్టారు. అంత ముచ్చటగా పడిపోయిన సిస్టమ్‌ని నేనెప్పుడూ చూడలేదు.

ప్రింటర్‌కి పంపే ముక్క తీసేశాను. నాలుగు లైన్లు. మళ్లీ అదే చుట్టాలు, అవే రోగాలు.

ఏప్రిల్ 28, సోమవారం

నకలు తాతగారు ఇంకా నడుస్తున్నారు. ఒక్కసారీ లేపలేదు.

మే 6, మంగళవారం

కోడ్ రివ్యూ. పెద్ద తెర మీద నా నాలుగు లైన్లు. వద్దులే గారు, మేనేజర్, తాళాలాయన, ఇయర్‌ఫోన్, అందరూ ఉన్నారు. ఫైల్ చూపించాను, నకలు చూపించాను, మొక్క ఫోటో చూపించాను. మేనేజర్‌కి నవ్వాగలేదు.

అప్పుడు ఇయర్‌ఫోన్ తన మానాన తను, ఇది ఎవరు రాశారో చూద్దామా అంటూ కోడ్ చరిత్ర తెరిచాడు. తెర మీద పెద్ద అక్షరాల్లో వద్దులే గారి పేరు. నేను ప్రమాణం చేసి చెబుతాను, అంతకుముందు నేను చూడలేదు. గదిలో అందరికీ ఒక్కసారిగా ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లకి పని గుర్తొచ్చింది.

ఆయన కళ్లజోడు తీశారు. చాలాసేపు తుడిచారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను మొదట రాసిన కోడ్ ఇదేనమ్మా, మొదటి స్లిప్పు బయటికొస్తే ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకి చూపించాను అన్నారు. జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలో రాయడం మరిచిపోయాననీ, ప్రింటర్ తీసేసినప్పుడు ఈ ముక్క ఉందనే గుర్తులేదనీ అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, తీసెయ్ అన్నారు.

ఆయన మీద నెల రోజులుగా దాచుకున్న కోపం ఎటు పోయిందో తెలియదు. సంతోషం మాత్రం ఎటూ పోలేదు.

మేనేజర్ మాత్రం మేనేజరే. లైవ్‌లో పెట్టాక పడిపోతే ఇక ట్రయల్ గురించి మాట్లాడుకోవడానికేం ఉండదు అన్నాడు. సరేనన్నాను. మాటల్లోనే.

మే 12, సోమవారం. ఉదయం 5:40

మార్పు నిన్న సాయంత్రం లైవ్‌లోకి వెళ్లింది. ఈరోజు ఎవరూ లేపకూడదు. పడిపోతే మాత్రం వెంటనే నేనే లేపాలి. బటన్ ముందు కూర్చున్నాను. నొక్కకుండా కూర్చోవడం ఇంత కష్టమని తెలియదు. ముసలాళ్లని పొద్దున్నే లేపకూడదు, ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది మీకు అని అత్తగారు మెచ్చుకున్నారు.

ఉదయం 11:00

ఫోన్లు మోగడం లేదు. తాళాలాయన సీటు చుట్టూ తిరుగుతున్నాను. కాలు కాలిన పిల్లిలా తిరక్కండి మేడం, నాకు కళ్లు తిరుగుతున్నాయి అన్నాడు. ఎదురుచూసే కనెక్షన్లు సున్నా.

సాయంత్రం 4:30

సున్నా. ఇంకో అరగంట ఆగి చూశాను. సున్నా.

మే 13, మంగళవారం

అసలు పరీక్ష ఈరోజు. నిన్న సాయంత్రం లేచి ఉండటం గొప్ప కాదు, ఈ ఉదయం ఆసుపత్రులు తెరిచాక నిలబడాలి. ఆసుపత్రులు తెరిచారు. జనం వచ్చారు. వద్దులే గారు తన గది వదిలి నా వెనక వచ్చి నిలబడ్డారు. తెర మీద అపాయింట్‌మెంట్లు ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉన్నాయి, నీళ్లు తాగినంత తేలిగ్గా.

మధ్యాహ్నం దాటాక ఆయనే వెళ్లి గోడ మీది డ్యూటీ చార్టు పీకేశారు. ఇయర్‌ఫోన్ బల్ల మీద దరువేశాడు. ఇంకెవరో ఈల వేశారు. ఎవరూ చూడకుండా వాష్‌రూమ్‌లోకి వెళ్లి రెండు పిడికిళ్లూ పైకెత్తి గెంతాను. బయటికి వస్తుంటే అద్దం దగ్గర హెచ్.ఆర్. ఆవిడ నిలబడి ఉంది. చూసినట్టే ఉంది. చూస్తే చూసింది.

మే 30, శుక్రవారం

కన్ఫర్మ్ అయింది. డెవలపర్. మేనేజర్ కరచాలనం చేశాడు. వద్దులే గారు నా గురించి రాసిచ్చిన కాగితం చదివి వినిపించాడు. అందులో ఒక్క వాక్యమే ఉంది. ఈమెని వెనక్కి పంపితే నేను ఒప్పుకోను.

జూన్ 5, గురువారం

ఈరోజు సిస్టమ్ పడిపోయింది. పూర్తిగా నా కోడ్ వల్లే. ఒక షరతు తిరగేసి రాశాను. అందరూ నా కుర్చీ చుట్టూ మూగారు, తలా ఒకటి అన్నారు. సరిచేసేసరికి చెమటలు పట్టాయి. ఒక్కరి నోట కూడా మళ్లీ టెస్టింగ్‌కి పో అన్న మాట రాలేదు.