నీళ్ల ట్యాంకు వెనక

తెనాలి, 16-11-2006, గురువారం

రెండేళ్లుగా పార్కుకు వెళ్తున్నాను, చూసింది ముందు వైపే. ఇవాళ స్కూల్లో పాఠాలు చెప్పి వస్తూ వెళ్లేసరికి నడకదారికి సిమెంటు వేస్తున్నారు. సరేనని వెనక వైపు నడిచాను. నర్సరీ, నీళ్లు లేని ఫౌంటెన్, తుప్పు పట్టిన జారుడుబల్ల అన్నీ దాటాను. ఈ పార్కు ఇంత ఉందని తెలియనే తెలియదు.

నీళ్ల ట్యాంకు వెనక ఖాళీ స్థలంలో మా అత్తయ్య సైకిలు తొక్కుతున్నారు! రోజూ సాయంత్రం ప్రార్థన కూటానికని చెప్పి బయలుదేరే అత్తయ్య. కుచ్చిళ్లు దోపుకుని, "వదలకే రాహేలూ, ప్రభువా, వదలకే!" అని అరుస్తున్నారు. పక్కింటి రాహేలమ్మగారు సీటు పట్టుకుని వెనకే పరుగెడుతున్నారు.

స్కూలుకి వెళ్లడానికి స్కూటీ కావాలని నేనడిగితే, "ఆడవాళ్లకి బండెందుకే?" అని ఆరు నెలల క్రితం నా నోరు మూయించింది ఈవిడే. ఒళ్లు మండిపోయింది. అక్కడే నిలదీద్దామనుకున్నాను. ఇంతలో సైకిలు ఒరిగి ఆవిడ పడిపోయారు. లేచి, మోచెయ్యి దులుపుకుని, మళ్లీ ఎక్కారు. నన్ను చూస్తే ఇక నేర్చుకోవడం మానేస్తారేమో అనిపించి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చాక, "మోచేతికి ఏంటత్తయ్యా?" అన్నాను.

"గుమ్మం తగిలిందే."

పసుపు రాశాను. భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండానే అన్నారు:

"ఆ స్కూటీ కొనుక్కోవే. పడినా పెద్ద దెబ్బేం తగలదులే."