ముట్టినట్టు సంతకం

సంఘాల రిజిస్ట్రారు గారి సముఖమునకు, హక్కుల పరిశీలన సంఘం కోశాధికారిణి (వృత్తి: కుట్టుపని) సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కార్యదర్శికి నోటీసు స్వయంగా అందజేసినందుకు కృతజ్ఞతలు; అందజేసిన కాగితంపై ముద్ర కోరుట గురించి.

1. పోలీసులు తీసుకెళ్లినవారి పేరు, తేదీ, ఒంటిమీది బట్టల వివరం రాసిపెట్టడమే మా సంఘం పని. ఏడుగురు లేనిదే సంఘం రిజిస్టరు కాదన్నారు గనుక, మా తమ్ముడు, అనగా సదరు కార్యదర్శి, ఏడో పేరుగా నాది రాశాడు. నాకివన్నీ తెలియవు మొర్రో అన్నాను. "నువ్వేం చెయ్యక్కర్లేదక్కా, సంతకం పెడితే చాలు" అన్నాడు. మిగతా ఐదుగురూ జైల్లో ఉన్నందున ఇప్పుడు అన్నీ నేనే చేస్తున్నాను.

2. వార్షిక సమావేశం జరపలేదని, కార్యదర్శి సంతకంతో జవాబు రాకుంటే సంఘాన్ని రద్దు చేస్తామని తమరు నోటీసు ఇచ్చారు. సమావేశానికి నలుగురు చాలు. ఐదుగురు ఒకే జైల్లో ఉన్నారు గనుక అక్కడే జరుపుకుంటామని, కుర్చీలు కూడా అక్కర్లేదని మనవి చేసుకున్నాను. కుదరదన్నారు.

3. ఇక కార్యదర్శి సంగతి. గత నెల మూడో తేదీన నా కుట్టుకొట్టు ముందే ఆయనను జీపులో ఎక్కించారు. మెడలో టేపుతోనే వీధి చివరిదాకా పరుగెత్తాను. తాము ఎవరినీ తీసుకెళ్లలేదని, ఆయనే ఎటో వెళ్లి ఉంటాడని పోలీసువారు పన్నెండో తేదీన కోర్టుకు చెప్పారు. కోర్టువారు నమ్మారు. కావున ఆయన సంతకం తేలేనని తమకు రాసుకున్నాను.

4. దానికి తమ జవాబు అందింది. కుంటిసాకులు చెప్పవద్దని, నోటీసు ఇరవయ్యో తేదీన కార్యదర్శి చేతికే ఇచ్చామని రాసి, రుజువుగా ముట్టినట్టు సంతకం నకలు జతపరిచారు. అందజేసిన స్థలం: పోలీసు గిడ్డంగి, వెనక గది. తమ బంట్రోతు ఎంత నిక్కచ్చి మనిషో, వేళ కూడా వేశాడు. కోర్టుకే దొరకని మనిషిని తమ కార్యాలయం ఒక్క నోటీసుతో పట్టుకుంది. తమ శాఖ పనితీరును ఇంతకాలం శంకించినందుకు మన్నించగలరు.

5. కావున సదరు నకలుపై కార్యాలయ ముద్ర వేయించి ఇప్పించవలెను. ముద్ర లేనిదే కోర్టు గుమాస్తా ముట్టుకోడట. అసలు కాగితం పొరపాటున కనబడకుండా పోతుందేమోనని తమరు బెంగపడవద్దు. నలభై నకళ్లు తీయించి తెలిసినవారి ఇళ్లలో తలా ఒకటి ఉంచాను. సంఘాన్ని రద్దు చేయదలిస్తే, ముద్ర వేసిన మర్నాడు చేయండి.

ఇంత పొడుగు రాసినందుకు విసుక్కోక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కోశాధికారిణి
(ప్రస్తుతానికి సంఘం మొత్తం)

మరొక మనవి: నాలుగు రోజులుగా ఆ సంతకమే చూస్తున్నాను. అది తమ్ముడిదే, కానీ ఎడమచేత్తో పెట్టింది. వాడిది కుడిచేతివాటం. చిన్నప్పుడు చెయ్యి విరిగి నెలన్నర ఎడమచేత్తో రాశాడు. పక్కన కూర్చుని పలక కదలకుండా పట్టుకున్నది నేనే. అక్షరాలు అప్పుడూ ఇలాగే పడేవి. తమ బంట్రోతు వాడి ఎదురుగా నిలబడ్డాడు కదా. కుడిచెయ్యి ఎలా ఉందో ఆయన్ను అడిగి నాకు ఒక్క ముక్క చెప్పించండి బాబూ. కాగితం మీద వద్దు, నోటిమాటగా చాలు.