ఆడిటర్ అడిగిన చివరి ప్రశ్న

చెల్లెమ్మా,

నా రాత కోడి గెలికినట్టు ఉందని నవ్వుతావు. నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

ఇన్‌కమ్ ట్యాక్స్ పని మీద మళ్లీ ఆడిటర్ దగ్గరికి వెళ్లాను. మన మీద ఆధారపడిన వికలాంగులు ఇంట్లో ఉంటే పన్నులో మినహాయింపు ఉందని ఆయన చెప్పినందుకే కదా, నువ్వు ఆ పోలియో కాలు ఈడ్చుకుంటూ ఆస్పత్రి మెట్లెక్కి సర్టిఫికెట్ తెచ్చావు. నేనేమో ఆ రోజు ఆయన గదిలో అందరి ముందూ దాన్ని చింపేసి, "మా చెల్లెలు కుంటిదని రాసిచ్చి డబ్బు మిగుల్చుకునే ఖర్మ నాకు పట్టలేదు" అని అరిచాను.

"కాలు నాది అన్నయ్యా, సిగ్గు నీకెందుకు?" అన్నావు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని అక్క ఇంటికి వెళ్లిపోయావు.

నా పరువు కాపాడుకున్నాననుకున్నాను. ఇన్నేళ్లుగా ఎవరినీ అననివ్వని మాట చివరికి నేనే అన్నాను. నీ కుట్టుమిషన్ మీద దుమ్ము తుడుస్తున్నాను గానీ, అదీ నాకు సరిగా రాదు.

ఆస్పత్రివాళ్లు ఇంకో కాపీ ఇస్తారట, నువ్వొచ్చి సంతకం పెట్టాలి. అందుకోసం పిలవడం లేదు. ఆ మినహాయింపు పోతే పోనీ.

ఈసారి ఫారం నింపుతూ చివర్లో ఆడిటర్, "మీ చెల్లెలుగారు మీతోనే ఉంటున్నారా?" అని అడిగాడు. ఉంటోందనే చెప్పాను.

ఈ వయసులో నన్ను అబద్ధాలకోరును చెయ్యకు. ఏ బస్సుకి వస్తావో కబురు చెయ్యి, ఎదురొస్తాను.

అన్నయ్య