పసుపు రాసిన పన్ను ఫారం

గంగరత్నం,

నువ్వు బజారు నుంచి వచ్చేసరికి నేను గుంటూరు బండిలో ఉంటాను. ఆదాయపు పన్ను ఫారం ఇంకోటి తేవాలి. అదేమన్నా శుభలేఖా, నాలుగు మూలలా పసుపు రాశావు? తడి పాకి నా జీతం అంకె అలుక్కుపోయింది. గడువు ఎల్లుండితో సరి.

సాయంత్రంలోపు తీగకు గుచ్చిన రసీదులన్నీ దింపి, ఇన్సూరెన్సువి విడిగా పెట్టు. కిందటి ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా ఉన్నవే కావాలి. ఒక్కటి తగ్గినా పన్ను పెరుగుతుంది. స్కూలువాళ్లిచ్చిన జీతం కాగితం బియ్యం డబ్బా కింద ఉంది. తడి చేత్తో దాన్ని ముట్టుకోకు.

పొద్దున నీమీద అరిచాను. పోయిన ఏడు పన్నాఫీసు నోటీసు వచ్చినప్పుడు మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. అది చూసే ఈసారి పసుపు రాశావని తెలుసు.

కొత్త ఫారానికి మాత్రం పసుపు వద్దు. రేపు కవరు అంటించాక, వెనకవైపు ఒక్క మూల రాయి. నేను చూడనట్టే ఉంటాను.