ఖాళీగా ఉన్నది ఇల్లు కాదు, మేము

కోసాడ్, సూరత్
14-12-2020

ఇళ్ల కేటాయింపు రద్దు విచారణాధికారి
శ్రీ త్రివిక్రమరావు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: కోసాడ్ కాలనీలో మూడో అంతస్తులోని మా ఇల్లు ఖాళీగా ఉన్నదని ఇచ్చిన నోటీసును, ఆ ఇంట్లోనే కూర్చుని వ్యతిరేకిస్తూ రాసుకొను విన్నపము.

దూస కనకయ్య అను నేను, వయస్సు నలభై ఆరు, స్వస్థలం సిరిసిల్ల, వృత్తి సాంచాలు నడుపుట, అనగా పవర్‌లూమ్ కార్మికుడను, తమరికి మనవి చేసుకొనునది ఏమనగా: దీన్ని గుజరాతీలో రాయించమని ఆఫీసు బయట టైపు కొట్టే ఆయన సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. మొన్న తమరి గది ముందు బెంచీ మీద కూర్చుని ఉండగా తమరు ఫోన్‌లో "తిన్నానమ్మా, పప్పూ అన్నమే" అనడం విన్నాను. నా కేసు మొత్తం ఒక తెలుగు మాట మీద ఆధారపడి ఉన్నది. ఆ మాట తెలిసినవారు ఈ ఆఫీసులో తమరొక్కరే. కావున క్రింది అంశములను పరిశీలించ ప్రార్థన.

1. గత ఆగస్టు నెలలో తమరి శాఖ తరఫున సర్వే ఆయన మా ఇంటికి వచ్చాడు. కరోనా భయంతో మెట్ల మీదే నిలబడి, మాస్కు తీయకుండా, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం పని చేస్తారు అని హిందీలో అడిగాడు. ఆ సమయమున గుమ్మంలో మా అమ్మ కొమురవ్వ ఉన్నది. ఆమెకు హిందీ అర్థమవుతుంది, మాట్లాడడం రాదు. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఏం పని బిడ్డా? సాంచాలు బందువడ్డయి. ఇంటిల్లిపాది ఖాళీగనే ఉన్నం" అన్నది. ఆయనకు అందులో అర్థమైంది ఒకటే మాట. ఖాలీ. అదే రాసుకుని దిగిపోయాడు.

ఖాళీగా ఉండడమంటే మనకు పని లేకుండా కూర్చోవడమని తమరికి నేను చెప్పనవసరం లేదు. ఇంట్లో నలుగురం ఉన్నామని, నలుగురమూ పని లేక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నామని ఆమె చెప్పింది. ఇంట్లో మనుషులే లేరని ఆయన రాశాడు. ఎవరూ లేకపోతే ఆ మాట ఆయనకు చెప్పింది ఎవరని క్రింది ఆఫీసులో అడిగాను. దానికి ఫారంలో గడి లేదట.

2. నవంబరు 27వ తేదీన ఒక మనిషి మా తలుపు మీద నోటీసు అంటించాడు. ఇల్లు నిరుపయోగముగా ఉన్నందున కేటాయింపు రద్దు చేయబడునని, డిసెంబరు 21న విచారణ అని అందులో ఉన్నది. మా అమ్మాయి రుచిత గుజరాతీ బడిలో చదివింది కనుక చదివి చెప్పింది. ఇక్కడ తమరి దృష్టికి తేవలసిన విషయం ఒకటున్నది. జిగురు గట్టిపడిపోయిందని ఆ మనిషి మా ఇంట్లోనే నీళ్లడిగాడు. నా భార్య భూదేవి చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లతో జిగురు కలిపి, మా ఇంట్లో ఎవరూ లేరని మా తలుపుకే అంటించి, చెంబు తిరిగి ఇచ్చి, దండం పెట్టి వెళ్లాడు. మర్యాదస్తుడే, అతని మీద నాకు ఫిర్యాదు లేదు.

3. నివాసం ఉన్నట్లు రుజువుగా కరెంటు బిల్లులు తెమ్మన్నారు. తెచ్చాను. గుమాస్తా గారు చూసి, ఇన్ని తక్కువ యూనిట్లు మనుషులున్న ఇంట్లో రావన్నారు. అయ్యా, పని లేని ఇంట్లో వస్తాయి. ఉన్న ఒక్క ఫ్యాను రాత్రిపూట మాత్రమే వేసుకున్నాము. పగలు తలుపు తీసుకుని కూర్చున్నాము. పొదుపు చేసినందుకు మమ్మల్ని లేనివాళ్ల కింద జమకట్టేశారు. నాలుగుసార్లు తిరిగాను, నాలుగుసార్లూ అదే బిల్లు, అదే జవాబు.

4. సెప్టెంబరు నుంచి నా భార్య చేస్తున్న పని గురించి కూడా ఇక్కడ విన్నవించడం అవసరము. నది వైపు కొత్తగా లేచిన పద్నాలుగు అంతస్తుల టవర్‌లో పదకొండు ఫ్లాట్ల తాళాలు ఆమె దగ్గర ఉంటాయి. వాటి యజమానులు లండన్‌లో, దుబాయ్‌లో, ఇంకా నాకు పలకడం రాని ఊళ్లలో ఉంటారు. ఆ ఇళ్లలో ఒక్కరాత్రి కూడా పడుకున్నవారు కారు. ఇల్లు పాడుబడకుండా భూదేవి రోజూ పోయి కిటికీలు తెరిచి, కొళాయిలు విప్పి, ఫ్యాన్లూ ఏసీలూ కాసేపు నడిపి, దేవుడి గూట్లో దీపం పెట్టి వస్తుంది. లోపల ఎవరూ లేకపోయినా ఫ్రిజ్జులు నడుస్తూనే ఉంటాయి. ఆ పదకొండు ఇళ్ల కరెంటు బిల్లులు తెప్పించుకుని చూడండి. తమరి గుమాస్తా గారి లెక్క ప్రకారం అక్కడ నిండు సంసారాలు ఉన్నట్టే.

విమానాలు లేవు కాబట్టి ఇప్పుడు ఇళ్లు కూడా ఫోన్‌లోనే కొంటున్నారు. దీపావళి ముందు ఒక కొత్త ఫ్లాటు చూపించడానికి ఏజెంటు ఫోను భూదేవి చేతికిచ్చాడు. సాయంత్రం గాలి వస్తుందా అని అవతలి ఆయన అడిగాడట. గాలిని ఫోన్‌లో చూపించడమెట్లా? ఈమె కిటికీ తెరిచి తన కొంగు పట్టుకున్నది. అది రెపరెపలాడడం ఆయన అక్కడ చూశాడు. ఆరోజే కొనుక్కున్నాడు. ఇప్పుడు ఆ ఇంటికి కూడా తాళం ఉన్నది, ఆ తాళం చెవి కూడా మా ఇంట్లోనే మేకుకు వేలాడుతున్నది. నోటీసు వచ్చిన రోజు భూదేవి అన్న మాట యథాతథంగా రాస్తున్నాను: "ఆడ నేను పోయి దీపం బెడితె మనుషులున్నట్టట. ఈడ మనం నలుగురం ఉంటె లేనట్టట. జర ఆ సారును అడుగు, మనం ఏడున్నట్టు?"

ఆమె తరఫున అడుగుతున్నాను.

5. ఇల్లు పోతే కిరాయికి వెళ్లవచ్చు కదా అన్నారు గుమాస్తా గారు. ఇంతకుముందు ఈ ఊళ్లోనే డిండోలిలో తొమ్మిదేళ్లు కిరాయికే ఉన్నాము. మేమున్న గదుల వరస మొత్తాన్ని యజమాని విదేశంలో ఉన్న ఒక పార్టీకి అమ్మి మమ్మల్ని లేపేశాడు. మొన్న పోయి చూశాను. గదులు లేవు, అక్కడ ఐదంతస్తుల బిల్డింగు ఉన్నది, సగం తలుపులకు తాళాలే. కింద ఒక చిన్న గదికి అడిగిన కిరాయి విని నేను తిరిగి వచ్చాను. నా ఇప్పటి జీతం, వారంలో మూడు రోజులు సాంచాలు నడిచినప్పటిది, దానికి చాలదు. చుట్టుపక్కల ఉన్న ఇళ్లన్నీ ఎక్కడో ఉన్నవాళ్లు కొనుక్కుంటూ పోతే, ఇక్కడే ఉన్నవాళ్లు ఎక్కడ ఉండాలి? ఈ సంగతి తమరి పరిధిలోకి రాదని తెలుసు. ఎవరి పరిధిలోకి వస్తుందో చెబితే వారికీ ఒక అర్జీ రాసుకుంటాను.

6. ఆరవ అంశముగా రాయడానికి ఏమీ లేదు. కోపం మాత్రమే ఉన్నది. ఇరవై రెండేళ్లుగా ఈ ఊరికి చీరలు నేస్తున్నాను. సాంచాల చప్పుడుకు నా కుడి చెవి సరిగ్గా వినపడదు. ఇంతా చేసి, నేను ఉన్నానని రుజువు చేసుకోవడానికి బిల్లు పట్టుకుని వరసలో నిలబడాలంటే సిగ్గుగా ఉన్నది. మా అమ్మ తన మాట వల్లే ఇల్లు పోతున్నదని ఏడుస్తున్నది. ఆమె ఏమి తప్పు మాట్లాడింది అయ్యా? ఉన్నది చెప్పింది.

కావున తమరు దయయుంచి, 21వ తేదీకి ముందు ఏ పూటనైనా, చెప్పకుండానైనా, మా ఇంటికి వచ్చి తలుపు తట్టవలసినది. లేదా సర్వే కాయితంలో "ఖాలీ" అన్నచోట కొట్టివేసి "పని లేదు" అని దిద్ది, పక్కన సంతకం చేయవలసినది. నేను అడిగేది ఆ ఒక్క మాట దిద్దమనే. చిత్తగించవలెను.

ఇట్లు,
సదరు ఇంట్లోనే ఉన్న
తమ విధేయుడు
దూస కనకయ్య

తా.క.: నోటీసు వచ్చిన నాటినుంచి మా అమ్మ ఆ మాట నోట రానివ్వడం లేదు. కూరగాయల బండి అతను పలకరించినా, పక్కింటివారు పలకరించినా "నిండుగ ఉన్నం బిడ్డా, నిండుగ ఉన్నం" అంటున్నది. నిన్న బియ్యం డబ్బాలో ఎన్ని ఉన్నవని అడిగితే నాకూ అదే చెప్పింది. నేను మూత తీసి చూశాను. ఆ సంగతి మాత్రం తమరి సర్వే వాళ్లకు తెలియనివ్వకండి, రాసుకుంటారు.